ఆగిన ఇంజన్‌లో మూడో సిలిండర్

దయ్యాలూ గియ్యాలూ నేను ఏనాడూ నమ్మలేదు. ఇరవై ఏండ్లుగా పాత డీజిల్ జీపులు బాగుచేస్తున్నాను. చప్పుడు వస్తే దానికో కారణం ఉంటుంది, విప్పితే దొరుకుతుంది. ఈ ఒక్కటి మాత్రం దొరకలేదు.

కొత్తకోటలో నాకు పని నేర్పింది కాసిం ఉస్తాద్. చెవులు పూర్తిగా పోయాక కూడా ఆయన షాపు మూయలేదు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని పళ్లతో కరిచి పట్టుకునేవాడు. చప్పుడు పళ్లలోంచి ఎక్కుతుందట. అట్లా ఆయన కనిపెట్టిన రోగాలు నేనే ఎన్నో చూశాను. అయినా ఎదురుగా సొంత షాపు పెట్టుకున్నాక, "చెవిటాయనకు ఏం ఇనబడ్తది" అని గిరాకీల ముందు నవ్వింది కూడా నేనే.

అయిజ నుంచి నర్సింలు అనే రైతు జీపు తెచ్చాడు. టక్ టక్‌మని కొట్టుకుంటోంది. నాలుగు సిలిండర్లకూ డీజిల్ పోయే నాజిల్ పైపులు ఒక్కొక్కటే వదులు చేసి చూస్తే, మొదటిది వదిలినప్పుడు చప్పుడు ఆగింది. ఆ నాజిల్ మార్చాను. అనుమానం ఎందుకని కింద ఆయిల్ చాంబర్ కూడా విప్పి రాడ్ల కింది నాలుగు బేరింగులూ చూశాను. ఒక్క గీత లేదు.

మర్నాడు పొద్దున నర్సింలు వచ్చేసరికి ఉస్తాద్ మా షాపులో ఉన్నాడు. ఎవరూ అడక్కుండానే స్క్రూడ్రైవర్ ఆనించి కరిచాడు. ఇంజన్ ఆగి ఉంది. రాత్రంతా చల్లారింది. తాళంచెవి నా జేబులో ఉంది.

"మూడోది కొట్టుకుంటున్నది. బండి తియ్యకు బిడ్డా, రాడ్డు ఇరుగుతది" అన్నాడు.

నేను తాళంచెవి తీసి నర్సింలుకు చూపించి పగలబడి నవ్వాను. అతనూ నవ్వాడు. ఉస్తాద్ మా ఇద్దరి మొహాలూ చూసి వెళ్లిపోయాడు.

పదకొండో రోజు జీపును ట్రాక్టర్‌కు కట్టి గుంజుకొచ్చారు. మూడో సిలిండర్ రాడ్డు విరిగి, ఇంజన్ పక్కకు బొక్క పడింది. మిగతా మూడు బేరింగులూ శుభ్రంగా ఉన్నాయి.

నర్సింలు రోడ్డు మీద నిలబడి అరిచాడు. "ఆ చెవిటోడు ఏందో చేసిండు! చెయ్యి పెట్టిండు, సత్తెనాశ్ అయింది!"

జనం గుమిగూడారు. విరిగిన రాడ్డు నా చేతిలోనే ఉంది. ఆయన వద్దన్నాడు, నేనే పంపించాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. నా పేరు పోతుందని నోరు మూసుకున్నాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని నా బతుకులో చెయ్యలేదు.

ఆ మాట పాకి గిరాకీ పోయి, నెల తిరగకముందే ఆయన షాపు మూతపడింది. ఆయన రాజోలిలో కూతురింటికి చేరాడు.

ఆగిన ఇంజన్‌లో ఆయనకు ఏం వినబడిందో ఇప్పటికీ నాకు అంతుబట్టలేదు. తెలిసిన మెకానిక్కులందరినీ అడిగాను, ఎవరూ చెప్పలేకపోయారు. ఆయన్నే అడుగుదామని, ముందు నా తప్పు ఒప్పుకుందామని మొన్న రాజోలి పోయాను.

చూడగానే గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "మూడోదే ఉస్తాద్, నువ్వు చెప్పిందే నిజం" అన్నాను. వినబడలేదు. గొంతు పెంచాను. అప్పుడూ వినబడలేదు. ఇంకా గట్టిగా అరవబోతే లోపల్నుంచి కూతురు వచ్చింది. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు.

"ఏందన్నా, ఏమంటున్నవ్?" అంది.

"ఏం లేదు చెల్లె, పానం మంచిగున్నదా అని అడుగుతున్న" అన్నాను.