హుఫూఫ్‌లో తొమ్మిది కప్పులు

సౌదీలో మెకానిక్‌ని నేను. కడప డ్రైవర్ మస్తాన్ పిలిస్తే అల్ ఖోబర్ నుంచి హుఫూఫ్ ఖర్జూర తోటకు వెళ్లాను. అతని పాత డీజిల్ ట్రక్కు ఒక పట్టాన స్టార్టవదు, స్టార్టయినా వణుకుతూ ఆగిపోతుంది. లోపం కనిపెట్టే నా లాప్‌టాప్ తగిలించే చోటే దానికి లేదు. ఫిల్టర్ మార్చినా లాభం లేకపోయింది.

తోట యజమాని కూర్చోబెట్టి గావా, అంటే అరబ్బు కాఫీ, చిన్న కప్పులో పోశారు. మర్యాదకని నేను ఖాళీ చేసినకొద్దీ ఆయన నింపుతూనే ఉన్నారు. ఏడో కప్పు తాగుతూ ఊరికే ట్రక్కు వైపు చూస్తుంటే, డీజిల్ పైపు జాయింట్ కింద తడి కనిపించింది. గాలి దూరుతున్నది అక్కడే. బిగించి, గాలి తీసేశాక ఇంజిన్ వెంటనే అందుకుంది, వణుకూ పోయింది. నా తెలివికి నేనే పొంగిపోయాను.

ఆయన మళ్లీ పోశారు. తొమ్మిదో కప్పుకి నా చెయ్యే వణికి కప్పు ఊగింది. ఆయన పోయడం ఆపేశారు.

"చాలనుకుంటే కప్పు అట్లా ఊపాల సార్," అన్నాడు మస్తాన్. "మీకు గావా శానా ఇష్టమేమో అనుకుంటిమి."

తెలిసే ఊపినట్టు తలాడించాను.