పాటు వేళకు మూసిన గేటు

ఆనందరావు మాస్టారు మా రేవు హైస్కూలుకు హెడ్మాస్టరుగా వచ్చి, పడరాని పాట్లు పడి సాధించిన మొదటి ఘనకార్యం ఆ ఇనుప గేటు. అంతకుముందు బడికి వేళంటూ ఉండేది కాదు. పిల్లలకంటే మేకలే ముందు హాజరయ్యేవి. కె.గంగవరం వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఆయన ఇల్లిల్లూ తిరిగి గోడ కట్టించారు, గేటు పెట్టించారు. తొమ్మిదిన్నరకు ప్రార్థన గంట కొట్టగానే తాళం. ఊరు గొణిగింది. ఏడాది తిరిగేసరికి హాజరులో రాజోలు చుట్టుపక్కల ఆ బడిని మించింది లేదు. మరుసటేడు పదో తరగతి ఫలితాల్లోనూ అంతే.

రెండువేల ఒకటి జూలైలో పార్వతి అనే పదో తరగతి పిల్ల వరసగా మూడో రోజు కూడా గేటు బయట నిలబడింది. ఏటి అవతలి లంక నుంచి పడవ మీద రావాలి.

"పాటండి. సముద్రం నీళ్ళు లాగేసి పడవ ఇసక మేటెక్కేసింది" అంది.

"మొన్న ఎనిమిదింటికి పాటన్నావు. ఇవాళ తొమ్మిదిన్నరకంటావు. నీ పాటుకి వేళాపాళా లేదా?"

"రోజూ వేళ జరుగుద్దండి."

"మరి మీ లంక మగపిల్లలు టంచనుగా వచ్చేరు కదా. నీకొక్కదానికే ఎండిపోయిందా ఏరు?"

గేటు లోపల పిల్లలు గొల్లున నవ్వారు. మాస్టారు కాలవ కింద పుట్టి పెరిగిన మనిషి. లాకు తలుపులెత్తితే నీళ్ళొస్తాయి, దించితే ఆగుతాయి. ఆయనకు తెలిసిన నీటి సంగతి అంతే. ఆలస్యం కన్నా అబద్ధం పెద్ద తప్పని మర్నాడు వేళకే వచ్చిన పార్వతిని ప్రార్థనలో అందరి ముందూ నిలబెట్టి, ఒప్పుకోమన్నారు.

"అబద్ధం చెప్పలేదండి" అంది తలొంచుకుని.

తండ్రిని తీసుకొస్తేనే బడికి రమ్మన్నారు. బుచ్చిరాజు వచ్చాడు. "రూలంటే రూలేనండి, ఆయ్. పిల్లని అబద్ధాలకోరు అన్నాక మటుకు ఇంక పంపలేనండి" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. క్రమశిక్షణ గెలిచిందనుకున్నారు మాస్టారు.

ఆగస్టులో పంచాయతీ ఎన్నికల డ్యూటీ ఆయనకు ఆ లంకలోనే పడింది. బ్యాలెట్ పెట్టెలతో, తోటి టీచరు భవానీదేవితో, మరో నలుగురితో పడవెక్కారు. నడి ఏట్లో పడవ మేట తట్టుకుని నిలిచిపోయింది. మిగతా మగవాళ్ళు ప్యాంట్లు విప్పి నెత్తిన చుట్టుకుని మొలలోతు నీళ్ళలోకి దిగిపోయారు. భవానీదేవి మాత్రం అటు తిరిగి కూర్చుంది. ఆవిడ దిగేదెలాగ?

"లంక మగపిల్లలూ ఇలాగేనండి, లాగూలు నెత్తినెట్టుకుని పోయేవారు" అన్నాడు పడవ నడిపే సాలమోను నవ్వుతూ. "పార్వతమ్మ మటుకు ఆ బల్ల మీదే కూర్చుని, మళ్ళీ నీళ్ళెక్కి పోటొచ్చేదాకా చదువుకునేదండి."

మాస్టారు దిగలేదు. సాలమోనుని అడిగారు: "రేపు కూడా పాటు ఇదే వేళకా?"

"రేపింకాస్త పొద్దెక్కేకండి. రోజూ వేళ జరుగుద్ది కదండీ."

అచ్చంగా ఆ పిల్ల అన్న మాటే. ఆ వేళ గేటు లోపలి నవ్వులు మాస్టారి చెవిలో మళ్ళీ మోగాయి. నవ్వించింది తనే.

ఒడ్డున బుచ్చిరాజు కొబ్బరిబొండాలు కొట్టి ఉంచాడు. "ఏరు ఆపేసిందాండీ" అన్నాడే తప్ప ఎత్తిపొడవలేదు. పొడిచినా బాగుండేదనిపించింది మాస్టారికి. బొండాం పక్కన పెట్టారు.

"బుచ్చిరాజుగారూ, అమ్మాయేది?"

"మురమళ్ళలో మా చెల్లెలు కామేశ్వరి పురిటికి సాయం వెళ్ళిందండి. ఇంక అక్కడే ఉండిపోతానంటంది."

"తప్పు నాదండి. పిల్లని పంపించండి."

"నాతో అంటే ఏం లాభమండి. అబద్ధమన్నది ప్రార్థనలో కదండీ."

ఎన్నికలయ్యాక బడి తెరిచిన రోజునే మాస్టారు ప్రార్థనలో నిలబడి, పార్వతి చెప్పింది నిజమనీ, తెలియక తప్పుపట్టింది తాననీ చెప్పారు. లంక పిల్లలు పడవ ఎప్పుడొస్తే అప్పుడే లోపలికి రావచ్చన్నారు. చెప్పడమైతే చెప్పారు గానీ, వినవలసిన మనిషి వరసలో లేదు.

వారం లోపే సాలమోను కబురు తెచ్చాడు. "పార్వతమ్మ వస్తానందండి. మళ్ళీ తన ముందర చెబుతారా అని అడగమంది."

"చెబుతానని చెప్పు" అన్నారు మాస్టారు. "ఆ రోజు పాటెప్పుడో కూడా కనుక్కుని చెప్పు. పడవొచ్చేకే ప్రార్థన గంట కొట్టిస్తాను."

మేనత్త బిడ్డ బారసాల అయిపోయాక పార్వతి బడికి వచ్చేది ఆగస్టు ఇరవయ్యేడు, సోమవారం. సాలమోను లెక్కన ఆ రోజు పాటు సరిగ్గా తొమ్మిదిన్నరకే.