సింగపూర్ ఎప్పుడెళ్లారు?

చెంగ్దూలో ఉండే గువాన్ షూచిన్ కొడుకు దోవ్‌దోవ్‌కి కండరాలు కరిగిపోయే జబ్బు. అలాంటి పిల్లలున్న తల్లులందరికీ ఆమే దిక్కు. విదేశీ వైద్యపత్రికలు చదివి, చైనీస్‌లో రాసి వీచాట్‌లో పంపేది. చైనా ఇంటర్నెట్ అడ్డుకట్టలు దాటించే వీపీఎన్ యాప్ లేనిదే ఆ పత్రికలు తెరుచుకోవు. అది వాడటం నేరమని ఆమెకు తెలుసు. అందుకే తన ఆండ్రాయిడ్ ఫోనులో దారులు విడదీసి పెట్టుకుంది. బ్రౌజరు ఒక్కటే వీపీఎన్ సొరంగంలోంచి, సింగపూర్ మీదుగా పోతుంది. బ్యాంకు, వీచాట్ మామూలు దారిన పోతాయి.

ఒకరోజు ఆ ఫోను మరుగుతున్న హాట్‌పాట్ పులుసు గిన్నెలో పడి పాడైంది. చెల్లెలి పాత ఐఫోను తెచ్చుకుంది. ఇందులో యాప్‌కొక దారి పెట్టుకునే వీలు లేదని ఆమె గమనించలేదు. మందు గురించి చదువుతూ మధ్యలో కరెంటు బిల్లు కట్టింది. బ్యాంకుకు ఆమె సింగపూర్‌లో ఉన్నట్టు కనబడింది. వెంటనే ఖాతా ఆపేశారు. మర్నాడే పోలీసుల ఫోను.

"గువాన్‌గారూ, ఒకసారి స్టేషనుకి రండి. ఫోను తెచ్చుకోండి."

పక్కింటావిడ ఛ్యావ్‌కి ఆమె ఈ సంగతి చెప్పుకుంది.

"ముందు ఫోనులోంచి ఆ వీపీఎన్ తీసెయ్యవే."

"తీసేస్తే దాచినట్టవుతుంది కదక్కా."

"ఉంచితే దొరికినట్టవుతుంది. ఏది నయమో నువ్వే చెప్పు."

ఏదీ తేల్చుకోలేక, అలాగే వెళ్లింది.

"సింగపూర్ ఎప్పుడెళ్లారు?" అన్నాడు ఫూ అనే కుర్ర అధికారి.

"వెళ్లలేదండీ."

"మోసగాళ్లెవరో మీ ఖాతాలో దూరారనుకున్నాం. తీరా చూస్తే మీరే."

అతను ఆమె ఫోను తీసుకుని తెర మీద బొటనవేలు కదుపుతూ పోయాడు. చక్రాల కుర్చీలో కూర్చున్న పిల్లాడి ఫొటో దగ్గర ఆ వేలు ఆగింది.

"ఇదంతా ఎవరి కోసం?"

"మా అబ్బాయి కోసం."

అతను ఫోను ఆమెకు తిరిగిచ్చాడు. "ఆ వీపీఎన్ నా ఎదురుగా తీసెయ్యండి. ఈసారికి మందలించి వదిలేస్తున్నా. మళ్లీ మీ పేరొస్తే నా చేతుల్లో ఉండదు."

ఆమె అక్కడే తీసేసింది.

ఇంటికొచ్చేసరికి ఒక తల్లి సందేశం: "కొత్త మందు వేసినప్పట్నుంచీ పిల్లాడికి వాంతులక్కా. ఆపమంటావా?"

విండోస్ ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఇంకా ఉంది. దాన్ని తెరిచి, సొరంగంలోంచి ఏమేం పోతున్నాయో ఒక్కొక్కటే చూసింది. బ్రౌజరు తప్ప ఏదీ లేదు. అయినా నమ్మకం కుదరక మళ్లీ చూసింది.

"దోవ్‌దోవ్, ఆ తలుపు వెయ్యి నాన్నా" అని, మీట నొక్కింది.

ఇప్పటికీ ఆమె ఆ పత్రికలు చదివి పంపుతూనే ఉంది. తమ అంతస్తులో లిఫ్టు ఆగిన చప్పుడైతే చాలు, తెర మూసేసి, అడుగులు ఎటు పోతాయోనని చెవులు రిక్కిస్తుంది.