నడిచే జింకను ఆపే చప్పుడు

నేను దయ్యాలను ఎప్పుడూ నమ్మలేదు. ఎవరైనా దయ్యాన్ని చూశామంటే నాకు ముందు మనుషుల మీదే అనుమానం వస్తుంది. వీళ్ళు దేన్ని దాస్తున్నారు, ఎవరిని ఆ దారికి రానివ్వకుండా చేస్తున్నారు అని ఆలోచిస్తాను. నా భార్య సునంద నన్ను అనుమానాల పుట్ట అని వెక్కిరిస్తుంది. ఆ పేరు నాకు తగినదే.

మాది బీదర్ జిల్లాలో ఔరాద్ దగ్గర పల్లె. ఆ చలికాలం మూడెకరాల్లో శనగ వేశాను. కృష్ణ జింకల మంద రోజూ పొద్దున్నే దిగి చిగుళ్ళు కొరికేసేది. డబ్బాలు కొట్టాను, పాత చీరలు కట్టాను. నాలుగు రోజులు బెదిరాయి, తర్వాత ఆ చీరల పక్కనే నిలబడి మేశాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. జింకను కొట్టడం నేరం. తెలిసే అటక మీద నుంచి మల్లయ్య మామ విల్లు దించాను.

మల్లయ్య మామ మా అమ్మకు తమ్ముడు. వయసులో ఉన్నప్పుడు వేటాడేవాడు, నాకు ఊహ తెలిసేసరికే మానేశాడు. నాకు ఇరవై ఏళ్ళప్పుడు సరదాకి గోనెసంచిలో జొన్న చొప్ప కుక్కి, తాడు కట్టి లాగుతూ బాణం వేయడం నేర్పాడు. సంచి కదులుతుండగా నేను వేస్తే తిట్టేవాడు.

"నడిచే జింక మీద బాణం ఇడ్వకురా. నువ్వు చూసిన జాగల అది ఉండది. ఇంకో అడుగేస్తది, బాణం కడుపుల దిగుతది. ముందుగాల ఆపు, ఎన్క కొట్టు."

ఆపడానికి ఆయన దగ్గర ఒక చప్పుడు ఉండేది. నాలుకను అంగిట్లోకి కొట్టి ఒక్కసారి "చ్చ్" అనేవాడు. జింక ఎవరా అని ఆగి చూస్తుందట. ఆ ఆగిన క్షణమే వేటగాడిదట. మామకు పైన ముందు పన్ను ఒకటి లేదు. అందుకని ఆ చప్పుడు చివర సన్నగా ఈల వచ్చేది. నేను ఎంత ప్రయత్నించినా ఆ ఈల నాకు రాలేదు. ఒకసారి తొందరపడి నడిచే జింకను కొట్టి, రెండు రోజులు నెత్తుటి చుక్కలు పట్టుకుని తిరిగాడట. అది దొరికాక విల్లు పక్కన పెట్టేశాడు. ఆయన పోయింది మా పెళ్ళికి ముందు సంవత్సరం. సునంద ఆయన్ని చూడలేదు.

ఆ రోజు పొద్దున ఏడు దాటింది. పలచగా మంచు ఉంది కానీ చూపు ఆనుతోంది. నేను గట్టు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎదురుగా ముప్పై అడుగుల్లో శరణప్ప జొన్నచేను, మనిషెత్తు పెరిగి ఉంది. శరణప్పకూ నాకూ గట్టు తగాదా. వాడు చూస్తే ఫారెస్టు వాళ్ళకు చెబుతాడని నాకు భయం, అందుకే ముందు నాలుగు దిక్కులా చూసుకున్నాను. ఎవరూ లేరు. సునంద బీదర్‌లో అక్క ఇంట్లో ఉంది, మర్నాడు వస్తానంది.

ఒక మగ జింక జొన్న అంచు వెంట ఎడమ నుంచి కుడికి నడుస్తూ వచ్చింది. విల్లు లాగి పట్టుకున్నాను. చప్పుడు చేద్దామంటే చలికి, భయానికి నోరు ఎండిపోయింది. నాలుక అంగిటికి అతుక్కుపోయి గాలి తప్ప ఏమీ రాలేదు. జింక నడుస్తూనే ఉంది. విల్లు ఇక ఎక్కువసేపు లాగి పట్టుకోలేను. సరే, అడుగు వేసే చోటికే కొడదామని, దాని ముందు రెండడుగుల ఖాళీ జాగాకు గురి మార్చాను. మామ వద్దన్న పనే అది.

నా వెనక "చ్చ్" మని వినిపించింది. చివర సన్నటి ఈల.

నా చెయ్యి అలాగే ఆగిపోయింది. విచిత్రం ఏమిటంటే జింక ఆగలేదు. చెవి కూడా తిప్పకుండా తన దారిన వెళ్ళిపోయింది.

నేను గురి పెట్టిన ఖాళీ జాగా వెనక జొన్న కర్రల మధ్య ఎర్ర చీర కనిపించింది. సునంద. ఇంకొక్క అడుగు వేస్తే బయటికి వచ్చేది. ఆ అడుగు వేయకుండా నిలబడిపోయి ఉంది.

తాడు ఎప్పుడు సడలించానో, విల్లు ఎప్పుడు కింద పడిందో తెలియదు. నేను శనగలో కూలబడి ఏడ్చాను. ఆమె వచ్చి విల్లును చూసింది, గురి పెట్టిన వైపు చూసింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నా అనుమానం మొదట శరణప్ప మీదికే పోయింది. వెంటనే వెనక్కి వెళ్ళి చూశాను. మంచుకు తడిసిన నల్లరేగడిలో నా చెప్పుల గుర్తులే ఉన్నాయి. వాడు ముందు రోజే బండిలో కందులు వేసుకుని బీదర్ గాంధీ గంజ్ మార్కెట్‌కు పోయాడన్నారు. నమ్మక గంజ్‌కు పోయి హమాలీలను అడిగాను. ఆ పొద్దున కూడా అక్కడే సంచుల మీద పడుకుని ఉన్నాడట. పిట్ట అరిచిందేమోనని ఆ తర్వాతి రెండు రోజులూ పొద్దున్నే అదే చోట కూర్చున్నాను. అలా అరిచే పిట్ట రాలేదు.

సరే, భయపడ్డ మనసు పాత జ్ఞాపకాన్ని వినిపించి ఉంటుందని సర్దుకున్నాను. మూడో రోజు సునంద నోరు విప్పేదాకా.

"ఆ పొద్దు సర్‌ప్రైజ్ చేద్దామని ముందుగాలే బస్సెక్కిన. జొన్నలకెల్లి అడ్డంగ వస్తున్న. నువ్వు గట్ల సప్పుడు చేయకపోతే బయటికొస్తుంటి."

"నువ్వు ఆగింది ఆ సప్పుడుకేనా?"

"ఆ. గానీ నువ్వు ముందట ఉంటివి. సప్పుడు నా ఎన్కకెల్లి వచ్చింది. ఎవరా అని ఆగిన."

ఎలా వినిపించిందో చేసి చూపించమన్నాను. ఆమె "చ్చ్" అంది. తర్వాత పెదాలు సున్నాలా చుట్టి, సన్నగా ఈల కలిపింది. ఆ ఈల గురించి నేను ఆమెకు ఎన్నడూ చెప్పలేదు.

విల్లు విరిచి పొయ్యిలో పెట్టాను. జింకలు ఇప్పటికీ వస్తాయి, తిన్నంత తింటాయి. నా వెనక ఉన్నది మామే అని ఎవరైనా అంటే, మెడ మీద కత్తి పెడితే ఒప్పుకుంటానేమో. కానీ మా ఇద్దరి మధ్య ముప్పై అడుగులకు పైనే ఉంది. చప్పుడు ఒక్కసారే అయింది. నాకు నా వెనక, ఆమెకు ఆమె వెనక.

ఎవరిని అనుమానించాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.