ఒకటే కుండ

పాత విద్యార్థుల సభలో ఆరోజు నేను చెప్పిన మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా నేను తప్పు చేశాను. దానికి ముందు చేసిన తప్పు ఒకటుంది. అది చాలా ఏళ్లుగా నా మీద బరువై కూర్చుంది. ఈమధ్యదాకా ఎవరికీ చెప్పలేదు. మోసి మోసి అలిసిపోయాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదని ఇప్పుడు అనిపిస్తోంది.

మాది కొనకనమిట్ల దగ్గర పల్లె. వానొస్తే జొన్న, రాకపోతే లేదు. మా నాయనకు ఊళ్లో మాట చెల్లేది. నన్ను లూథరన్ మిషన్ వాళ్ల చిన్న కాలేజీలో చేర్చాడు. ఉన్నది నూరుమందిమి కూడా కాదు. కాలేజీ బావి నీళ్లు ఉప్పు. తాగే నీళ్లకు ఊరి అవతలి చేదబావికి పోవాలి. అందుకని హాస్టల్లో ఒక పద్ధతి ఉండేది. ఇద్దరికి ఒక కుండ. వార్డెను చీట్లు వేసి జతలు కలిపేవాడు. నింపుకొచ్చేటప్పుడు సగం దారి ఒకడు, సగం దారి ఒకడు మోయాలి. ఆ ఏడాదంతా ఆ కుండే, ఆ జతే. కులం అడగకూడదు.

నా జత యాకోబు. మా ఊరి మాలపల్లె వాడే. ఊళ్లో ఉన్నన్నాళ్లూ నేను అతని పేరు కూడా ఎరగను. మొదటి వారం ఆ కుండలో నీళ్లు తాగలేక ఎండిన నోటితో తిరిగాను. తర్వాత తాగాను. ఆ తర్వాత అది గుర్తే లేదు. అతడు నన్ను బావా అనేవాడు, నేనూ అతన్ని బావా అనేవాణ్ణి. నాకు చలిజ్వరం వచ్చినన్ని రోజులూ నా వంతు కూడా తనే మోశాడు. లేచాక తిట్టాడు. "పండుకున్నోనికి దాహం ఎక్కువ బావా. సగం కుండ నువ్వే తాగితివి" అన్నాడు.

యాకోబు అబద్ధం ఆడడు. పాఠం చదవకపోతే చదవలేదని లేచి నిలబడి చెప్పేవాడు. అబద్ధసాక్ష్యం గురించిన ఎనిమిదో ఆజ్ఞను బైబిలు క్లాసులో మేమందరం వల్లించినవాళ్లమే. మాకది పాఠం. అతనికి కాదు. ప్రభు రాత్రి భోజనం ఇచ్చే ఆదివారానికి ముందు రోజు సాయంత్రం క్రైస్తవ విద్యార్థులు పాదిరిగారి దగ్గర తమ తప్పులు చెప్పుకునేవాళ్లు. నేను గుడి మెట్ల మీద అతని కోసం కూర్చునేవాణ్ణి. బయటికొచ్చేటప్పుడు అతని నడక తేలిగ్గా ఉండేది. అంత చెప్పుకోవలసింది వీడికేముంటుందా అని నవ్వుకునేవాణ్ణి.

చదువు ముగిసిన వేసవిలో మిషన్ వాళ్లు యాకోబును మా ఊరికే పంతులుగా వేశారు. బడికి గది కావాలి. మా దొడ్డి పక్కన జొన్నల కొట్టు కరువుకు ఖాళీగా పడి ఉంది. అది ఇప్పించమని అడగడానికి అతడు మా ఇంటి ముందుకు వచ్చాడు. మాలపల్లె పిల్లలూ రైతుల పిల్లలూ ఒకే గదిలో కూర్చోవాలని మిషన్ షరతు. పెద్దలంతా అరుగు మీద ఉన్నారు. నాకు పిల్లనిస్తామని గిద్దలూరు నుంచి వచ్చిన వాళ్లూ ఉన్నారు. యాకోబు ఎండలో నిలబడ్డాడు. నేను గుమ్మంలో ఉన్నాను.

మా నాయన ఒప్పుకునేటట్టే ఉన్నాడు. ఇది నేను మరిచిపోదామన్నా మరపు రాదు. కాలేజీలో అంత పెద్దవాళ్ల పిల్లలే కలిసి ఉంటే మనకేంది అభ్యంతరం అని ఆయనే అన్నాడు. అంతలో గిద్దలూరు పెద్దమనిషి, కలిసి ఉండటమంటే ఎంతవరకు, నీళ్లు కూడా ఒకటేనా అని అడిగాడు. నాయన నా వైపు తిరిగాడు.

"ఏమిరా, నువ్వు జెప్పు. ఈయబ్బితో ఒకే కుండలో తాగినావా?"

"లేదు నాయనా. మాకు కుండ వేరే."

అంతే. ఎంత సులువుగా వచ్చింది ఆ మాట! నాయన యాకోబును అడిగాడు. "నిజమేనా?"

యాకోబు నన్ను చూశాడు. ఎక్కువసేపు కాదు.

"నిజమేనయ్యా. వేరే కుండే."

"దొరల కాడనే వేరే అయితే, మన ఊర్లో ఒకటెట్ల అయితాది?" అన్నాడు నాయన. ఆయన నన్ను నమ్మాడు. కొట్టు ఇవ్వలేదు. యాకోబు కొన్నాళ్లు పల్లెలో గొర్రెల పాక కింద పాఠం చెప్పాడు. వానలకు అది కూలింది. మిషన్ వాళ్లు అతన్ని చంద్రశేఖరపురం వైపు మార్చారు. మా ఊళ్లో బడి లేదు. ఆ పల్లె పిల్లలు గొర్రెల వెంట పోయి, పెరిగి, వాళ్ల పిల్లలూ గొర్రెల వెంట పోయారు. నాకు పెళ్లయింది.

భయపడ్డానా? భయపడ్డాను. కానీ భయం ఒక్కటే అయితే, నాయన ఒంటరిగా ఉన్నప్పుడైనా చెప్పి ఉండేవాణ్ణి కదా? ఆయన పోయేదాకా చెప్పలేదు. ఒకసారి తప్పించుకున్నాక, తప్పించుకున్న సుఖం అలవాటైందేమో.

ఇక ఆ సభ సంగతి. కొత్త ప్రిన్సిపాలుగారు పాత రోజుల గురించి చెప్పమన్నారు. నేను కుండల సంగతి ఎత్తుకున్నాను. ఇక్కడ కులం లేదు, నేనూ యాకోబూ ఒకే కుండలో తాగాం అన్నాను. కుర్రవాళ్లు చప్పట్లు కొట్టారు. యాకోబు వెనక వరసలో ఉన్నాడు. జుట్టు నెరిసింది. ప్రిన్సిపాలుగారు నవ్వుతూ, అవునా పంతులుగారూ అని అడిగారు. అతడు లేచాడు.

"అవునండి. ఒకటే కుండ."

అప్పుడు కూడా అతడు నా మాటకే సాక్ష్యం పలికాడు. ఆ చప్పట్ల మధ్య కూర్చోలేకపోయాను. సభ ముగియకముందే అతడు వెళ్లిపోయాడు. నేను బండి కట్టించుకుని దొనకొండ స్టేషనుకు పోయాను. బెంచీ మీద ఉన్నాడు. అతని పక్కన కూర్చోవడానికి చోటుంది. నేను నిలబడే ఉన్నాను. ఆరోజు మా ఇంటి ముందర అని మొదలుపెట్టాను. చెయ్యెత్తి ఆపాడు.

"నేను ఆడనే ఉంటి గదా రెడ్డిగారూ. తెలిసినోనికి చెప్తే ఏమొస్తాది? తెలియనోళ్లకు చెప్పండి."

ఎందుకు అబద్ధమాడావని అడిగాను.

"మీ మొగం జూసినాను. జరమొచ్చినప్పుడు గూడ అట్లనే ఉండె." మళ్లీ తనే అన్నాడు. "ఆ మాటకు పాదిరిగారి ముందర మోకరించినాను. నా వంతు అయిపోయింది."

బావా అనలేదు. క్షమించానని అనలేదు. రైలొచ్చింది, ఎక్కాడు.

నా అబద్ధానికి నేను ఊరేగాను, అతడు మోకరించాడు. ఆ మాట నన్ను ఇంటిదాకా తరిమింది. మర్నాడు అదే అరుగు మీద పెద్దల్ని కూర్చోబెట్టి చెప్పాను. పోయిన నాయన్ని ఇప్పుడు బజారుకీడుస్తావేంది అప్పా అని ఒక ముసలాయన విసుక్కున్నాడు. నా భార్య చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

కొట్టు తలుపులు తీయించి బాగుచేయించాను. మిషన్ వాళ్లు ఒక పంతులమ్మను పంపారు. పల్లె పిల్లలు వస్తున్నారు. రైతుల పిల్లలు, మా చిన్న మనవడు తప్ప, రావడం లేదు. గదిలో ఒకటే కుండ పెట్టించాను. దాన్ని పొద్దున్నే నింపేది నేను. బావి నుంచి మోసుకురావాలంటే మోకాళ్లు నొప్పి. యాకోబుకు ఈ సంగతి తెలుసో లేదో తెలియదు. కబురు పంపలేదు. పంపితే మళ్లీ చప్పట్లు కోరినట్టవుతుంది.

తెలియనివాళ్లకు చెప్పమన్నాడు. మీకు తెలియదు కాబట్టి చెప్పాను.