రూతు టీచరు చిక్కుడుపాదు, పక్కింటి అక్షింతలు

మా అమ్మమ్మ రూతు టీచరుకి తప్పులు దిద్దడమే గాని చెయ్యడం రాదని రాజోలు తాలూకాలో సగం మందికి తెలుసు. మిగతా సగం మంది ఆవిడ దగ్గర చదువుకోలేదు. ఇంటికి శుభలేఖ వస్తే ముందు ఎర్ర పెన్సిలు తీసి ఒత్తులు సరిచేసి, ఆ తర్వాత పెళ్ళెవరిదో చూసేది.

అలాంటి మనిషికి పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో ఒక చిక్కుడుపాదు పరీక్ష పెట్టింది.

ఏటా జనవరి చివరి ఆదివారం మందిరంలో కోత పండుగ. ఎవరి తొలికాపు వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఒకరు అరటిగెల మోసుకొస్తారు, ఒకరు ధాన్యం బస్తా దింపుతారు. అమ్మమ్మకి సెంటు పొలం లేదు. ఉన్నదల్లా పెరట్లో పందిరెక్కిన చిక్కుడుపాదు. పధ్నాలుగేళ్ళుగా, ఏటా వేసే ఆ పాదు తొలికాపు బుట్టెడూ పండక్కే. అది వెళ్ళేదాకా ఇంట్లో ఒక్క కాయ కూర చెయ్యడానికి వీల్లేదు. ఆ ఏడు క్రిస్మస్ ఇంకా రాకముందే పూత మీద పేనుబంక పట్టింది. కొమ్మల చివర్లు నువ్వులు అతికించినట్టు నల్లబడ్డాయి. అమ్మమ్మ బూడిద చల్లింది. బూడిద రాలిపోయింది, బంక మిగిలింది.

"పొడిమందు తెస్తాను, ఒక్క పూటలో పోతుంది," అన్నాడు పోస్టాఫీసు నుంచి వచ్చిన తాతయ్య సత్యానందం.

"మందు కొట్టిన కాయ దేవుడి ముందు పెట్టమంటారా?"

తాతయ్య కాఫీ తాగడం మొదలెట్టాడు.

గ్రామసేవక్ అమ్మిరాజు ఆవిడ శిష్యుడే. సైకిలు దిగి పాదు చూశాడు. "మందెందుకండీ టీచరుగారూ. అక్షింతల పురుగుల్ని తెచ్చి వదలండి. పేనుబంకే వాటి తిండండీ. పక్కింటి వీరవేణిగారి బొబ్బరపాదు నిండా అవేనండి."

"ఏ పురుగులు?"

"అక్షింతలండి. ఎర్రగా గుండ్రంగా ఉంటాయి, వీపు మీద నల్లచుక్కలు."

"మా పెళ్ళిళ్ళలో అక్షింతలు లేవు. చుక్కల పురుగులు అను."

"ఆయ్, చుక్కల పురుగులేనండి," అన్నాడు అమ్మిరాజు. దిద్దించుకోవడం అతనికి ఒకటో తరగతి నుంచీ అలవాటు.

వీరవేణి మొగుడు పడవ నడుపుతాడు. ఆవిడ నోరు పడవ కన్నా జోరు. అగ్గిపెట్టె నిండా పురుగులు పట్టి ఇస్తూ, "మా అక్షింతలు మీ మందిరానికి పనికొస్తాయాండీ?" అంది.

"చుక్కల పురుగులు, వేణీ."

"ఏవైతేనేంలెండి. మీ పాదుని దీవించడానికే కదా వస్తున్నాయి."

పురుగులు పాదెక్కాయి. పది రోజుల తర్వాత ఇంకో రకం తేలింది. నల్లగా, గరుకుగా, ఒంటి మీద నారింజ మచ్చలతో, గోరంత మొసళ్ళలా. వాటి మొహం చూస్తే మంచివని ఎవరూ అనరు. అమ్మమ్మ రోజూ పొద్దున్నే చీపురుపుల్లతో వాటిని ఒక్కొక్కటే సబ్బునీళ్ళ గిన్నెలోకి తోసింది. తోసేకొద్దీ బంక పెరిగింది. బంక పెరిగేకొద్దీ ఆవిడ ఇంకా పట్టుదలగా తోసింది.

చివరికి, అమ్మిరాజుకి చూపించి నిలదియ్యడానికి ఒక మొసలిని సీసాలో వేసి, మూతకి చిల్లులు పెట్టింది. అది రెండో రోజు గాజుకి తలకిందులుగా అతుక్కుని ముద్దయిపోయింది. ఆరో రోజు పొద్దున్న చూస్తే సీసాలో మొసలి లేదు. ఎర్రటి చుక్కల పురుగు తిరుగుతోంది.

"ఏవండీ, ఇది మీరే పెట్టేరు కదా."

"నాకేం పని?" తాతయ్య కళ్ళజోడు సర్దుకుని సీసా వెలుతురుకి పట్టుకున్నాడు. "ఇదిగో, గాజుకి దాని చొక్కా వేలాడుతోంది చూడు. విప్పేసి బయటికొచ్చింది."

అమ్మమ్మ ఎండిన ఆ తొడుగుని చూసింది. నారింజ మచ్చలు దాని మీద అలాగే ఉన్నాయి. తర్వాత సబ్బునీళ్ళ గిన్నె వైపు చూసింది. ముప్ఫై ఏళ్ళుగా ఎవరి పిల్లల మీదా చెయ్యెత్తని టీచరు, పండగ ఇంకా మూడు వారాలుందనగా, సాయం వచ్చినవాళ్ళ పిల్లల్నే ముంచేసింది. ఆ పూట అన్నం వద్దంది. "తిను రూతూ, నీకు తెలిసి చేశావా," అన్నాడు తాతయ్య. "తెలియకపోవడమే కదండీ తప్పు," అంది.

సాయంత్రం అమ్మమ్మ వెళ్ళి వీరవేణి కంచె దగ్గర నిలబడింది.

"వేణీ, తప్పు చేశానమ్మా. పిల్లల్ని చంపేశాను. ఇంకాసిని అక్షింతలు ఇస్తావా?"

వీరవేణి ఆ మాట విని నవ్వబోయి, మొహం చూసి ఊరుకుంది. "పెద్దవెందుకండీ, ఈసారి పిల్లల్నే పట్టుకెళ్ళండి. ఎక్కువ తినేవి అవేనండి," అని కొమ్మలతో సహా తుంచి ఇచ్చింది.

ఆ తర్వాత అమ్మమ్మ పాదు దగ్గరికి కోడిని కూడా రానివ్వలేదు. మొసళ్ళు కొమ్మ తర్వాత కొమ్మ నాకేశాయి. పూత నిలిచింది. అయితే ఆలస్యంగా నిలిచింది.

పండుగనాడు బుట్ట అడుగు మాత్రమే నిండింది. రెండు గుప్పెళ్ళ లేత కాయలు, కొన్ని వంకర. ఆ బుట్ట అరటిగెలల మధ్య పెడుతుంటే పక్కనున్న లీలావతి చెయ్యి చాచింది. "టీచరుగారూ, మీ కాయల మీద ఏదో పురుగండీ. దులిపేస్తానుండండి."

అమ్మమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "దులపకండి. పసిది."

నల్ల మొసలిని వేలి మీదకి ఎక్కించుకుంది. ప్రార్థన జరిగినంతసేపూ అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆవిడ మాత్రం అది జారిపోకుండా కళ్ళు తెరుచుకునే ఉంది.