కొంపల్లి హోటల్లో ఆరుగురం

మేడ్చల్ దాటాక ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీలో నేను నాలుగేళ్ళు ల్యాబ్‌లో పనిచేశాను. మాది లాల్‌గడి మలక్‌పేట్. మా ఇంట్లో అప్పటిదాకా వ్యవసాయం తప్ప వేరే పని ఎరిగినవాళ్ళు లేరు. బీఎస్సీ చదివి, తెల్లకోటు వేసుకుని ఉద్యోగం చేస్తున్నానని నాయిన ఊళ్ళో ఎవరు కనిపించినా చెప్పేవాడు. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. కొంపల్లిలో విల్లాలు లేస్తున్న రోజులవి.

రసాయనాలు వేడిచేసే రియాక్టర్ మీద పనిచేసే ఆపరేటర్ ఒకాయనను నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయనది శామీర్‌పేట. బస్సు తప్పిన రోజు తన బండి మీద మా ఊరి మలుపు దాకా దింపి, మళ్ళీ వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళేవాడు. సాంపిల్ సీసా తెస్తే ల్యాబ్ లోపలికి వచ్చేవాడు కాదు. బూట్లకు మట్టి ఉంటుందని గడప అవతలే నిలబడి "చెల్లె, సాంపిల్" అని పిలిచేవాడు. సీసాతో పాటు బ్యాచ్ షీటు కూడా ఇచ్చేవాడు. రియాక్టర్‌లో వేడి ఎంత, ఒత్తిడి ఎంత అన్నీ అందులో రాసి ఉంటాయి.

ఒక వారంలో వరుసగా మూడు రోజులు ఆ షీటు కింద ఆయన ఒకే మాట రాశాడు. ప్రెషర్ గేజ్ పనిచేయడం లేదు.

"ఇదేందన్నా, రోజూ ఇదే రాస్తున్నవ్?" అని అడిగాను.

"ముల్లు కదుల్తలేదు చెల్లె. గీడ కొట్టినా అంతే, గాడ కొట్టినా అంతే. ఫిట్టర్ స్టోర్స్‌ల అడిగిండు, కొత్తది లేదన్నరంట. బ్యాచ్ ఆపుదామంటే ఇన్‌చార్జి ఇంటలేడు."

నేను షీటు తీసుకుని ఫైల్లో పెట్టాను. అది నా పని కాదనుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం పెద్ద చప్పుడైంది. ల్యాబ్ కిటికీ అద్దాలు పగిలి బేసిన్‌లో పడ్డాయి. బయటికి పరుగెత్తేసరికి రియాక్టర్ షెడ్డు కప్పు లేచిపోయి, లోపల నీలం మంట కనిపించింది. అన్నను ఇద్దరు గోనెసంచుల్లో చుట్టి మోసుకొచ్చారు. నడుస్తాననే అంటున్నాడు. నడవలేడని చూసినవాళ్ళందరికీ తెలుసు. ఆస్పత్రిలో రెండు రోజులు బతికాడు.

ప్రమాదం జరిగిన మర్నాడు ఉదయం ల్యాబ్‌కు వెళితే బ్యాచ్ షీట్ల ఫైలు లేదు. ఎవరు తీశారని అడగలేదు.

అన్న పోయిన ఎనిమిదో రోజు శనివారం. జనరల్ మేనేజర్ నన్ను తన గదికి పిలిపించారు. ఆయన కోస్తావైపు మనిషి, ఎవరినీ ఏకవచనంతో పిలవరు. "అందరూ డిస్టర్బ్ అయి ఉన్నారమ్మా. సాయంత్రం కొంపల్లిలో భోజనం చేద్దాం. మీ నాన్నగారికి ఫోన్ చేసి చెప్పండి, కారులో దింపిస్తాను" అన్నారు.

పొద్దు గూకే వేళకు వెళ్ళాం. మొత్తం ఆరుగురం. మేనేజర్, షిఫ్ట్ ఇన్‌చార్జి, ఇద్దరు ఆపరేటర్లు, రిటైర్‌మెంట్‌కు దగ్గరపడిన ఫిట్టర్, నేను. హోటల్ మొదటి అంతస్తులో ఉంది. గోడలకు ముదురు ఎరుపు రంగు, ఎక్కడి నుంచో గిటార్ పాట. అది స్పెయిన్, మెక్సికో వంటల హోటలని మేనేజర్ చెప్పారు. "టాపాస్ అంటారు. చిన్న చిన్న ప్లేట్లు వస్తాయి. ఎవరిది వారికి ఉండదు, అన్నీ అందరం పంచుకోవాలి."

ఫిట్టర్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఇయ్యాల శనివారం సార్, నేను నీసు తినను" అన్నాడు. "వెజ్ కూడా చెప్పాను, మొహమాటపడకండి" అన్నారు మేనేజర్.

కాల్చిన రొట్టె ముక్కల మీద టమాట గుజ్జు రాసి తెచ్చారు. ఎర్రటి సాస్ వేసిన ఆలుగడ్డలు, వెల్లుల్లి నూనెలో వేయించిన పుట్టగొడుగులు, ఉప్పగా చిరుచేదుగా ఉండే నల్లటి కాయలు వచ్చాయి. మాంసాహారులకు రొయ్యలు. రొట్టె ముక్కలు నాలుగే ఉన్నాయి. ఆఖరి ముక్క దగ్గర ఆపరేటర్లిద్దరూ నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అనుకున్నారు. ఒకరి చెయ్యి ఒకరికి తగులుతోంది, ఎవరూ తలెత్తడం లేదు. పొద్దున్నుంచి నేనేమీ తినలేదు. ఆలుగడ్డలు రెండుసార్లు వడ్డించుకున్నాను. రుచిగా ఉన్నాయి. అన్నను మట్టి చేసి ఎనిమిది రోజులు నిండలేదు, నాకు నాలుక మీద రుచి తెలుస్తూనే ఉంది.

ఫిట్టర్ ఏమీ ముట్టుకోలేదు.

ప్లేట్లు తీసేశాక మేనేజర్ సంచిలోంచి కాగితాలు తీశారు. మా ఐదుగురి పేర్లతో తెలుగులో టైపు చేయించిన వాంగ్మూలాలు. గేజ్ బాగానే పనిచేస్తోందనీ, ఆపరేటర్ ఆ రోజు నిద్రమత్తులో ఉన్నట్టు కనిపించాడనీ, చూసుకోకుండా స్టీమ్ వాల్వు ఎక్కువగా తిప్పాడనీ ఉంది.

"సోమవారం ఇన్‌స్పెక్టర్ వస్తున్నారు. గేజ్ మాట బయటికొస్తే ఫ్యాక్టరీకి తాళం పడుతుంది. మన అందరి ఇళ్ళూ దీని మీదే నడుస్తున్నాయి కదా. పోయినాయన ఎలాగూ తిరిగి రాడు."

ఇన్‌చార్జి ముందు సంతకం చేశాడు. తర్వాత ఆపరేటర్లు. కాగితం ఫిట్టర్ ముందుకొచ్చింది. ఆయన దాన్ని పైనుంచి కింది దాకా మెల్లగా చదివాడు.

"గేజ్ కోసం స్టోర్స్‌కు పోయింది నేను సార్. గిది అబద్ధం."

"కూర్చోండి, మాట్లాడుకుందాం."

"నాకు ఆకలైతలేదు సార్" అని లేచి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అప్పుడు మేనేజర్ నా వైపు తిరిగారు. గొంతు పెంచలేదు. "మీరు చదువుకున్నవారు. అర్థం చేసుకుంటారు" అన్నారు. మెట్ల మీద ఫిట్టర్ చెప్పుల చప్పుడు ఇంకా వినిపిస్తోంది. నేను కూడా లేవచ్చు. లేవలేదు. నాయిన మొహం గుర్తొచ్చిందని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను కానీ, నిజానికి ఆ క్షణంలో ఏమీ గుర్తురాలేదు. భయం ఒక్కటే ఉంది. సంతకం పెట్టాను.

సోమవారం ఇన్‌స్పెక్టర్ నన్ను అడిగింది ఒకే ప్రశ్న. ఇది మీ సంతకమేనా? అవునన్నాను. ఫిట్టర్ మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు. నలుగురు ఒకటి చెబుతుంటే ఆయన ఒక్కడి మాట నిలబడలేదు. యాజమాన్యం మీద కోపంతో చెబుతున్నాడని రాసుకున్నారు. నెల తిరక్కుండానే పని మానిపించారు. స్టోర్స్‌కు కొత్త గేజ్ ఇన్‌స్పెక్టర్ వచ్చిన వారమే వచ్చింది.

ఇంకో ఏడాది అక్కడే పనిచేశాను. పెళ్ళి కుదిరాక మానేసి సుచిత్ర చౌరస్తా దగ్గర కాపురం పెట్టాను. కూతురు పుట్టింది. ఒకరోజు అన్నం తినిపిస్తుంటే గిన్నె చేత్తో తోసేసి నవ్వింది. ఆ రోజు ఏమీ ముట్టుకోకుండా లేచిపోయిన ఫిట్టర్ గుర్తొచ్చాడు, ఏడుపు ఆగలేదు. మా ఆయనకు అప్పుడు మొత్తం చెప్పాను. "నాకు చెప్తే ఏమొస్తది? వాళ్ళింటికి పోయి చెప్పు" అన్నాడు.

శామీర్‌పేటలో అన్న ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన భార్య వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"వదినా, గేజ్ ఖరాబైంది నిజం. అన్న మూడు రోజులు రాసిండు. నేను చూసిన. అబద్ధం సంతకం పెట్టిన."

ఆమె చేట ఆపలేదు. "నాకు తెల్వదా? రోజూ ఇంటికొచ్చి అదే చెప్తుండె. ఫిట్టర్ ముసలాయన కూడా వచ్చి చెప్పిండు. ఇంకొక్కరు జెప్తే కేసు నడుస్తదని వకీలు అన్నడు. మస్తు రోజులు ఎదురుచూసిన. ఎవ్వరు రాలే."

"ఇప్పుడు చెప్త వదినా."

"ఇప్పుడు ఎవరికి జెప్తవ్? కంపెనీ అమ్మేసిన్రు, పేరు మారింది. నా పిల్లలని బడిల తోటి పిల్లలు మీ నాయిన నిద్రవోయి సచ్చిండు అన్నరు. నువ్వు సంతకం పెట్టింది గదే కదా?"

నేను తల ఊపాను.  తర్వాత ఆమె లోపలికి కేకేసి పెద్దకూతుర్ని పిలిచింది. పదో తరగతి పిల్ల, నోటుపుస్తకంలోంచి రెండు కాగితాలు చింపి తెచ్చింది.

"రాయి. ఉన్నదంత రాయి" అంది ఆమె.

గడప మీద కూర్చుని రాశాను. కింద సంతకం చేశాను. ఆమెకు చదువు రాదు. కూతురు పైకి చదివింది. 'నిద్రమత్తులో లేడు' అనే చోట పిల్ల ఆగి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆమె చేట పక్కన పెట్టి, గోడకు ఆనుకుని విన్నది.

ఆ కాగితం తీసుకుని తర్వాత ఆమె వకీలు దగ్గరికి వెళ్ళిందట. ఇన్నేళ్ళకు దీనితో అయ్యేదేమీ లేదన్నాడట. ఆ సంగతి తర్వాత ఒకసారి కలిసినప్పుడు నాకు ఫిట్టర్ చెప్పాడు. ఆమె నన్ను మళ్ళీ రమ్మనలేదు. నేనూ వెళ్ళలేదు.